మామగారి బేస్, నా డ్రమ్స్

జూన్ 3, మంగళవారం

ఇవాళ మామగారు వచ్చారు. ఆయన కంటే ముందు ఆయన బేస్ వచ్చింది. ముందు దాన్ని లిఫ్టులో నిలబెట్టి, మిగిలిన సందులో నన్ను ఇరికించి, తలుపు మూశారు. ఆయన మాత్రం హాయిగా మెట్లెక్కి వచ్చారు. డబుల్ బేస్ అంటే వయొలిన్‌కి పెదనాన్న లాంటిది. నిలబెడితే నాకంటే ఎత్తు, నాకంటే హుందా.

ఆయన ఉండే బిల్డింగులో నీళ్ళ పైపులన్నీ పీకి కొత్తవి వేస్తున్నారట. నెల పడుతుందట. "మీకు ఇబ్బందేమో అల్లుడుగారూ" అన్నారు, నా మ్యూజిక్ గదిలో నా కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ. "అయ్యో, ఇబ్బందేముందండీ" అన్నాను, నా కంప్యూటర్నీ కీబోర్డునీ భోజనాల బల్ల మీదకి మోస్తూ.

రాత్రి పడుకునే ముందు నా భార్యతో "మీ నాన్న..." అని మొదలెట్టానో లేదో, "మా నాన్న గురించి ఏమన్నా అనాలనుంటే నీకు నువ్వే చెప్పుకో" అంది. తను డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. రోజంతా పక్క సీట్లో కూర్చుని ఊరి జనం ప్రాణాలు కాపాడి వస్తుంది, ఇంట్లో వాదనలకి ఓపిక మిగలదు.

అందుకని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

జూన్ 4, బుధవారం

గది పోయినందుకు నాకేం బాధ లేదు.

జూన్ 7, శనివారం

శుభవార్త. పుస్తకాల షాపావిడ ఫోన్ చేసింది. వాళ్ళ షాపు వెనక భాగంలో కాఫీ అమ్ముతారు. శనివారం సాయంత్రాలు అక్కడ ఎవరో ఒకరు గంటసేపు వాయిస్తారు. ఇరవై ఎనిమిదో తారీఖు నాకిచ్చింది. ఒక్కటే షరతు: "చదువుకునేవాళ్ళు తలెత్తకూడదు, అలాగని తల వాల్చకూడదు."

నేను చేసేది సరిగ్గా అలాంటి సంగీతమే. డ్రమ్ అండ్ బేస్ అంటారు, అందులోనూ మెత్తటి రకం. కింద డ్రమ్స్ పరిగెడుతుంటాయి, పైన మిగతావన్నీ మబ్బుల్లా నింపాదిగా తేలుతుంటాయి. ఆ మబ్బుల్లో కాస్త జాజ్ కలపాలని నా చిరకాల కోరిక. ఇన్నేళ్ళూ తలుపేసుకుని ఒక్కణ్ణే చేసుకున్నాను. మనుషుల ముందు వాయించడం ఇదే మొదలు.

సంతోషం పట్టలేక మామగారికి వినిపించాను. తప్పు నాదే. ఆయన నలభై ఏళ్ళు హోటళ్ళలో, ఓడల మీద, పెళ్ళి విందుల్లో జాజ్ వాయించిన మనిషి.

కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నారు.

"దీన్నేమంటారు అల్లుడుగారూ?"

"డ్రమ్ అండ్ బేస్ అంటారండీ."

"బేస్ ఏదీ?"

"అదిగోనండీ, కింద మోగుతోంది కదా."

"ఓహో. నేను మీ ఫ్రిజ్ అనుకున్నాను."

నా భార్య వంటింట్లోకి వెళ్ళిపోయింది. భుజాలు కదులుతున్నాయి.

"ఈ భాగంలో జాజ్ కలిపానండీ" అన్నాను.

"ఒకే స్వరాల గుత్తి పట్టుకుని మొదట్నుంచీ చివరిదాకా వదల్లేదు. దీన్ని జాజ్ అనరు బాబూ, తలుపు తీసి మూయడం మర్చిపోయారంటారు." కాసేపాగి ఎంతో మర్యాదగా, "ఇంకోటి. డ్రమ్స్ ఇంత వేగంగా వాయించారు, సింబల్స్, అదే, ఆ ఇత్తడి పళ్ళేలు, ఒక్కటీ పెట్టలేదేం? పైకప్పు లేని ఇల్లులా ఉంది" అన్నారు.

"ఉన్నాయండీ."

"లేవు" అన్నారు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

జూన్ 9, సోమవారం

సింబల్స్ కొంచెం పెంచాను. ఆయన అన్నారని కాదు, నాకే అనిపించింది.

జూన్ 11, బుధవారం

ఇంకా పెంచాను. మామగారు తల అడ్డంగా ఊపారు. "మొహమాటపడుతున్నారు మీరు" అన్నారు.

మళ్ళీ పెంచాను. నా భార్య చెవులు మూసుకుని వచ్చింది. "ఏంటిది? ఎవరో మూకుట్లో ఇసక వేయిస్తున్నట్టుంది!"

మామగారు ప్రశాంతంగా, "ఇప్పుడు కొద్దిగా తెలుస్తోంది" అన్నారు.

ఎవరి అనుభవం ఎక్కువో వాళ్ళ మాట వినాలి. నా భార్యకి హారన్ తప్ప వేరే వాద్యం తెలీదు.

జూన్ 12, గురువారం

వంటింట్లోంచి నా భార్య, "నాన్నా, అక్కడ కత్తి ఉందా?" అని అరిచింది. మామగారు లేచి, బాత్రూమ్ అల్మారా అంతా వెతికి, పత్తి పట్టుకెళ్ళి ఇచ్చారు. ఎక్కడ తెగిందో చూపించమని చెయ్యి కూడా పట్టుకున్నారు. తర్వాత తను "షాపుకి వెళ్ళొస్తా" అంటే, "పాపకేమైంది?" అని కంగారుపడ్డారు. మాకు పాప లేదు.

కళాకారులంతే. ధ్యాస ఎక్కడో ఉంటుంది.

జూన్ 14, శనివారం

ఇవాళ్టిది వివరంగా రాసుకోవాలి.

పొద్దున భోజనాల బల్ల దగ్గర పాట సరిచేస్తుంటే వెనక నుంచి ధుమ్మని ఒక శబ్దం వచ్చింది. నేల ద్వారా పాదాల్లోకి ఎక్కింది. తిరిగి చూస్తే మామగారు బేస్‌ని గుమ్మంలో నిలబెట్టుకుని, దాని భుజం మీద గడ్డం ఆనించి ఉన్నారు.

"ఆపకండి. పోనివ్వండి" అన్నారు.

నాకు భయమేసింది. నా డ్రమ్స్ వేగానికి డెబ్భై దాటిన మనిషి వేళ్ళు ఎక్కడ సరిపోతాయి? కానీ ఆయన నా వేగాన్ని అసలు పట్టించుకోలేదు. వీధిలో ట్రాఫిక్ దూసుకుపోతుంటే కాలిబాట మీద చేతులు వెనక్కి కట్టుకుని నడిచే పెద్దమనిషిలా, ఒక్కో తీగా నింపాదిగా మీటుకుంటూ పోయారు. ఒక్క అడుగు కూడా తడబడలేదు. నా మబ్బుల కింద మొట్టమొదటిసారి నేల వచ్చింది.

"ఎలా కుదిరిందండీ?" అన్నాను పాట అయ్యాక.

"మీరు నాలుగు లెక్కపెట్టే చోట నేను రెండే లెక్కపెడతాను. సగం వేగం. మీరు పరిగెత్తండి, ఎవరొద్దన్నారు? చివరికి ఇద్దరం ఒకే మలుపు దగ్గర కలుస్తాం. జాజ్‌లో మేం చేసేదీ ఇదే." బేస్‌ని ప్రేమగా తట్టి, "డ్రమ్ మీ దగ్గరుంది, బేస్ నా దగ్గరుంది, ఇంక పేచీ ఏముంది?" అన్నారు.

ఇరవై ఎనిమిదిన నాతో వాయిస్తారా అని అడిగేశాను. "మీరు అడుగుతున్నారు కాబట్టి" అన్నారు. చెవుల దాకా నవ్వు.

కాఫీ తాగుతూ పాత బ్యాండ్ కబుర్లు చెప్పారు. ఆయన, పియానో వాయించే ఒకాయన, డ్రమ్స్ వాయించే ఆయన. పియానో ఆయన పోయారు. డ్రమ్స్ ఆయన్ని మామగారు 'కర్రలోడు' అంటారు. ఇద్దరూ కుర్రతనం నుంచీ ఒకే జట్టు.

"ఇప్పుడేం చేస్తున్నారండీ ఆయన?"

మామగారి మొహం మాడిపోయింది. "తెలీదు. రెండేళ్ళయింది మాటల్లేక. సింబల్ వాయించడం మానేశాడు. ఊరికే చెయ్యి ఆడిస్తాడు, శబ్దం రాదు. బద్ధకం! ఓసారి వేదిక మీదే అడిగేశాను, కర్రలు తాకించడానికి కూడా బరువైపోయాయా అని. మైకు ఆన్‌లో ఉంది. లేచి వెళ్ళిపోయాడు."

"అలాంటివాళ్ళతో అన్నేళ్ళు ఎలా వేగారండీ!" అన్నాను.

జూన్ 16, సోమవారం

నేను ఒట్టి గాడిదని.

నేను పనిచేసేది చెవి మిషన్ల షాపులో. జనానికి వినికిడి పరీక్ష చేసి, సరిపడే మిషన్ అమర్చడం నా పని. ఇది ఇక్కడ రాసుకోవాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు. అదే విచిత్రం.

ఇవాళ ఒక పెద్దావిడ వచ్చింది. వచ్చింది తన కోసం కాదట, పిట్టల కోసమట. "మా ఇంట్లో రెండు పిట్టలున్నాయి బాబూ. నోరు తెరుస్తాయి, మూస్తాయి, కూత రాదు. పిట్టల డాక్టరు బానే ఉన్నాయంటాడు. మీరైనా చూడండి." ఆవిణ్ణి కూర్చోబెట్టి పరీక్ష చేశాను. అనుకున్నదే. లావుపాటి శబ్దాలు బ్రహ్మాండంగా వినిపిస్తున్నాయి, సన్నటివి పోయాయి. "పిట్టలకేం కాలేదమ్మా. సన్నటి శబ్దాలు ముందు పోతాయి. కూతలు, గంటలు, మాటల్లో క, త, ప, స లాంటివి. మనకి మాత్రం ఎదుటివాళ్ళే సరిగ్గా చెయ్యట్లేదనిపిస్తుంది" అని ఎప్పుడూ చెప్పే ముక్కలే చెబుతున్నాను.

చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. నోరు తెరిచే ఉంది. ఆవిడ నా మొహంలోకి చూసి, "మీరు కూడానా?" అంది.

కత్తి, పత్తి. షాపు, పాప. సింబల్స్.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ చెవులు పట్టుకుంటాను. నా ఇంట్లో, నా కుర్చీలో కూర్చున్న మనిషి చెవుడుని సంగీత జ్ఞానం అనుకుని పాట పాడుచేసుకున్నాను.

జూన్ 17, మంగళవారం

"నువ్వు చెప్పు, అది నీ ఉద్యోగం" అంటుంది నా భార్య.

"మీ నాన్న కదా."

"నీకు మామగారు కదా."

ఇలా చాలాసేపు జరిగింది. మామగారు పక్క గదిలోనే ఉన్నారు. గుసగుసలాడుకున్నాం. ఆయనకి వినపడదని తెలిసీ గుసగుసలే.

జూన్ 18, బుధవారం

భోజనం అయ్యాక చెబుదామనుకున్నాను. భోజనం అయిపోయింది.

జూన్ 19, గురువారం

షాపు నుంచి పరీక్ష పెట్టె ఇంటికి తెచ్చాను. "కొత్త హెడ్‌ఫోన్స్ వచ్చాయండీ, మీలాంటివారు విని చెబితే బావుంటుంది" అన్నాను. సిగ్గులేని అబద్ధం. ఆయన పొంగిపోయి, జుట్టు దువ్వుకుని వచ్చి కూర్చున్నారు.

"శబ్దం వినపడ్డప్పుడల్లా ఈ బటన్ నొక్కండి."

లావుపాటి శబ్దాలకి టకటకా నొక్కారు. నా చెవికే ఆననంత మెల్లని గొణుగుడు కూడా పట్టేశారు. నలభై ఏళ్ళు బేస్ పట్టుకున్న చెవి అది. నెమ్మదిగా పై శబ్దాలకి వెళ్ళాను. ఒకటి నొక్కారు. తర్వాతది ఆలస్యంగా నొక్కారు. ఆ పైన లేదు. పెంచాను. లేదు. ఇంకా పెంచాను. నాకు హెడ్‌ఫోన్స్ బయటికే కీచుమని వినిపిస్తోంది.

ఆయన బటన్ మీద బొటనవేలు సిద్ధంగా ఉంచుకుని, నా వైపు చూస్తూ మర్యాదగా చిరునవ్వు నవ్వుతున్నారు.

"కానివ్వండి అల్లుడుగారూ" అన్నారు. "మొదలుపెట్టండి."

ఆయన నా మొహం చూశారు. గుమ్మంలో నిలబడ్డ కూతురి మొహం చూశారు. చిరునవ్వు కాసేపు అలాగే ఉండి, తర్వాత పోయింది. హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎంతసేపట్నుంచి మోగుతోంది?"

"ఇప్పుడే... కొంచెంసేపేనండీ."

చెవుల గురించి అడుగుతారనుకున్నాను, మందుల గురించి అడుగుతారనుకున్నాను. ఆయనన్నది ఒక్కటే.

"అయితే వాడు వాయించాడన్నమాట."

జూన్ 20, శుక్రవారం

గదిలోంచి రాలేదు. బేస్ చప్పుడు కూడా లేదు.

జూన్ 21, శనివారం

మామగారు పెట్టె సర్దుకున్నారు. పైపుల పని అయిపోయిందట. అవలేదని మా ఇద్దరికీ తెలుసు. శనివారానికి ఇంకెవర్నైనా చూసుకోమన్నారు. "చెవిటివాడితో వాయిస్తే మీ పరువు పోతుంది" అన్నారు.

నా భార్య తలుపుకి అడ్డంగా నిలబడింది. కొత్త డ్రైవర్లతో మాట్లాడే గొంతు తీసింది. "బ్రేక్! పెట్టె కింద పెట్టండి. కూర్చోండి. ఇప్పుడు అద్దంలో చూసుకుని చెప్పండి, ఎక్కడికి వెళ్తున్నారు?"

ఆయన కూర్చున్నారు. ఆ గొంతుకి ఎవరైనా కూర్చుంటారు. నేనూ కూర్చున్నాను.

"మిషన్ పెట్టుకుంటే జనం చూస్తారే" అన్నారు, మొదటిసారి తండ్రిలా కాకుండా కుర్రాడిలా.

"ఆ బేస్ వెనక మీరే సగం కనపడరు నాన్నా. మీ చెవులెవరు చూస్తారు?"

మామగారు బేస్ వైపు చూశారు. ఆ సంగతి ఆలోచించినట్టున్నారు.

జూన్ 23, సోమవారం

షాపులో నేనే అమర్చాను. మిషన్ ఆన్ చేయగానే ఉలిక్కిపడి తన చొక్కా వైపు చూసుకున్నారు. గుడ్డ రాపిడి. చెయ్యి కదిపారు, ఆపారు, మళ్ళీ కదిపారు. వీధిలోకి రాగానే ఎవరో సైకిల్ బెల్లు కొడితే, ఆగి అతనికి నమస్కారం పెట్టారు. ఇంట్లో పేపరు ఊరికే తిరగేశారు, చదవకుండా. "అమ్మాయ్, నీ చెప్పులు ఇంత మాట్లాడతాయా?" అన్నారు.

తర్వాత పాట వినిపించమన్నారు. పెట్టాను.

"అమ్మబాబోయ్!" అంటూ కుర్చీలోంచి లేచిపోయారు. "ఏమిటిది అల్లుడుగారూ! చెవుల్లో సూదులు గుచ్చుతున్నారు! ఇన్ని సింబల్స్ ఎవరు పెట్టమన్నారు?"

నేను ఆయన వైపు చూశాను. నా భార్య నా వైపు చూసింది. ముందు నవ్వింది మామగారే. కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంత నవ్వారు. నవ్వాక కూడా తుడుచుకుంటూనే ఉన్నారు.

సింబల్స్ తగ్గించాను. "ఇంకా." తగ్గించాను. "కాస్త." తగ్గించాను. "అదీ! అక్కడ. ఇప్పుడు ప్రాణం వచ్చింది. చూశారా, అనుభవం అంటే ఇదీ."

సరిగ్గా నేను మొదటిరోజు వినిపించినట్టే ఉంది. అవునండీ, చాలా తేడా ఉందండీ అన్నాను.

జూన్ 25, బుధవారం

కర్రలోడికి ఫోన్ చెయ్యమంటే, "ఏమని చెప్పను?" అంటారు. చేయనంటారు. నంబరు మాత్రం చూడకుండా చెబుతారు.

జూన్ 26, గురువారం

సాయంత్రం నా భార్య ఏం చెప్పకుండా ఆయన్ని కారెక్కించింది. ఆ పెద్దాయన కర్రలతో కొడతాడేమోనన్నట్టు నన్నూ తోడు తీసుకెళ్ళారు.

కర్రలాయన బక్కగా, పొడుగ్గా ఉన్నాడు. తలుపు తీసి, మామగారిని చూసి, తలుపు మూయలేదు. లోపలికి రమ్మనీ అనలేదు.

మామగారు గొంతు సవరించుకున్నారు. "చెవుడు నాకు. నువ్వు వాయించావు."

"ఏంటీ?"

"నాకు చెవుడురా! నువ్వు సరిగ్గానే వాయించావు!"

"వినపడలా. ఇంకోసారి."

మామగారు ఈసారి మూడిళ్ళకి వినపడేట్టు అరిచారు. పక్కింటి కిటికీ తెరుచుకుంది. కర్రలాయన తలుపుకి ఆనుకుని తాపీగా విన్నాడు. ఆయనకి మొదటిసారే వినపడిందని అప్పుడర్థమైంది.

"లోపలికి తగలడు" అన్నాడు.

కూర్చున్నాక కోపం బయటికొచ్చింది. "నీ మూలాన మణికట్టుకి ఎక్స్‌రే తీయించుకున్నాన్రా! చెయ్యి పడిపోతోందేమోనని భయమేసింది. ఎముక భేషుగ్గా ఉందంటాడు డాక్టరు. మరి వాడికెందుకు వినపళ్ళేదని ఇంట్లో రోజూ బాదుకునేవాణ్ణి. మా ఆవిడ డ్రమ్స్ ఎత్తి మేడ మీద పడేసింది. రెండేళ్ళు! ఒక్క ఫోన్ చేసి ఏడవకూడదూ?"

"నువ్వు చేయొచ్చుగా."

"చేసినా నీకేం వినపడి చచ్చేది?"

తర్వాత ఎవరు ముందు నవ్వారో చెప్పలేను. మామగారు మిషన్ తీసి చూపించారు. ఆయన దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి, "ఇంతేనా? దీనికోసమా?" అన్నాడు మెల్లిగా.

శనివారం వాయించే సంగతి చెబితే, రేపు ఖాళీగా ఉంటే వస్తానన్నాడు. రేపు శుక్రవారం. ఎవరూ దిద్దలేదు.

జూన్ 28, శనివారం

జరిగిపోయింది. రాసుకుంటే గానీ నిద్ర పట్టదు.

షాపులో బల్లలు నిండాయి. కర్రలాయన ఒకే ఒక్క సింబల్, స్టాండు, చీపురు పుల్లల్లాంటి బ్రష్షులు చంకలో పెట్టుకుని వచ్చాడు. నా కంప్యూటర్ వాయిస్తున్న డ్రమ్స్ కాసేపు విన్నాడు. "ఎవరిది ఈ చెయ్యి?"

"కంప్యూటర్‌దండీ."

"చెయ్యి బావుంది. పొగరెక్కువ."

నా పాటల్లో సింబల్స్ అన్నీ ఆపేసి ఆ చోటు ఆయనకి వదిలేశాను. కింద నా డ్రమ్స్ ఎప్పట్లా పరుగు. మధ్యలో మామగారి నడక. పైన కర్రలాయన సింబల్, వానకి ముందు గాలిలా తెరలుతెరలుగా. నేను తలుపు తీసి మర్చిపోవడం మానేసి, బేస్ ఎటు తిరిగితే అటు నా మబ్బుల్ని జరిపాను. ఇన్నేళ్ళు నేను ఒంటరిగా వెతికింది ఇదే. ఇంత దగ్గర్లో ఉంటుందనుకోలేదు.

మొదటి సింబల్ తాకినప్పుడు మామగారు వాయిస్తూనే కర్రలాయన వైపు తిరిగారు. ఆయన తలెత్తలేదు, కానీ అదే చోట ఇంకోసారి తాకించాడు, అడక్కుండానే. మామగారు కళ్ళు మూసుకున్నారు.

మూడో పాట మధ్యలో కర్రలాయన నా వైపు వంగి, "మీ కంప్యూటర్ని కాసేపు కాఫీ తాగి రమ్మనండి" అన్నాడు. దాని ఆసరా లేకుండా నేనెప్పుడూ వాయించలేదు. అయినా ఆపేశాను. ఆయన పక్కనున్న పుస్తకాల అట్టపెట్టెని మోకాళ్ళ మధ్యకి లాక్కుని, బ్రష్షులతో నా డ్రమ్స్‌ని నా వేగంతోనే వాయించాడు! ఆ వయసులో! కాసేపే. తర్వాత ఆయాసపడుతూ సగం వేగానికి దిగిపోయాడు. మామగారు పక్కన నడుస్తూ "ముసలైపోయావురా" అన్నారు పైకే. అందరూ నవ్వారు. నా రెండు చేతులూ కీబోర్డు మీదున్నాయి, ఆసరాకి ఏ యంత్రమూ లేదు, అయినా పాట పడిపోలేదు. ముగ్గురం మోస్తున్నాం.

చదువుకునేవాళ్ళు తలెత్తారు. షరతు తప్పాను. షాపావిడ దగ్గరికెళ్ళి క్షమాపణ చెప్పబోతే, కాఫీ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయి ఉంది. "వచ్చే నెల కూడా వస్తారా? ఆ ఇద్దర్నీ తప్పకుండా తీసుకురండి" అంది. నన్ను కూడా రమ్మన్నట్టే అర్థం చేసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో నా భార్య నడుపుతోంది. ముందు సీటు వెనక్కి వాల్చి బేస్‌ని పడుకోబెట్టాం. వెనక మేం ముగ్గురం. బేస్ మెడ నా ఒళ్ళో, దాని తల నా గడ్డం కింద.

"రెండో పాటలో నువ్వు ముందుకి తోశావు" అన్నారు మామగారు.

"నేనా? నువ్వు వెనక్కి లాగావు!"

"నేను లాగలేదు. స్పష్టంగా విన్నాను, నువ్వే తోశావు."

"ఓహో, ఇప్పుడు చెవులొచ్చాయని చెబుతున్నావా?"

"వచ్చాయి కాబట్టే చెబుతున్నాను!"

కారు అద్దాలు అదిరేట్టు అరుచుకుంటున్నారు. ఒక్కరూ "ఏంటీ?" అని అడగట్లేదు. అద్దంలోంచి నా భార్య నన్ను చూసింది.

"గొడవ ఆపమంటావా?"

"వద్దు" అన్నాను. "కర్రలాయన ఇల్లు దగ్గరికొచ్చేసింది. ఇంకో చుట్టు తిప్పి తీసుకెళ్ళు."